మాండవ్యుడు గీసిన గీత

నన్నయ భట్టారకుడు తమ ఊరివాడేనని, ఇక్కడే యజ్ఞం చేశాడని తణుకువాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. అందులో చరిత్ర ఎంత, అభిమానం ఎంత అన్నది పండితులు తేల్చుకోవలసిన మాట. 11వ శతాబ్దంలో ఆయన తెలుగు చేసిన ఆదిపర్వంలో మాత్రం, పిల్లల మనసు గురించి ఆలోచించే ప్రతివాళ్లూ ఒకసారి ఆగి చదవవలసిన చిన్న కథ ఒకటి ఉంది. మాండవ్యుడు మౌనవ్రతంలో ఉన్న ముని. రాజుగారి సొమ్ము దొంగిలించినవాళ్లు పారిపోతూ ఆయన ఆశ్రమంలో దాక్కున్నారు. భటులు వచ్చి అడిగితే ముని నోరు విప్పలేదు. దొంగలతోపాటు ఆయన్నీ పట్టుకెళ్లి కొరత వేశారు. ప్రాణం పోలేదు. రాజు తప్పు తెలుసుకుని కాళ్లమీద పడ్డాడు గాని కొర్రు ఊడి రాలేదు. కోసేస్తే దాని మొన ఒంట్లోనే ఉండిపోయి, ఆయన అణిమాండవ్యుడయ్యాడు. నేనేం పాపం చేశానని ఆయన నేరుగా యమధర్మరాజునే అడిగాడు. చిన్నప్పుడు తూనీగలకు పుల్లలు గుచ్చి ఆడుకున్నావు, ఇది దాని ఫలమని జవాబు వచ్చింది. ముని ఆ జవాబును ఒప్పుకోలేదు. ఊహ తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్ష వేసిన ధర్మదేవతే తప్పు చేశాడని తీర్పు చెప్పి, యముణ్ని భూమ్మీద పుట్టమని శపించాడు. పద్నాలుగేళ్లు దాటేవరకు మనిషి చేసిందేదీ పాపంగా అంటకూడదని హద్దు కూడా పెట్టాడు. ఆ శాపంతో పుట్టినవాడే విదురుడు.

కర్మ సిద్ధాంతాన్ని ఇంత గట్టిగా నమ్మే గ్రంథమే, ఆ సిద్ధాంతాన్ని అమలు చేసే అధికారిని ఒక పిల్లవాడి పక్షాన నిలదీసి శిక్షించింది. దీని అర్థాన్ని మనం పెద్దగా పట్టించుకోలేదు. బాల్యానికి లెక్కల పుస్తకం తెరవకూడదన్నది దయ కొద్దీ చేసిన మినహాయింపు కాదు, ధర్మం తనను తాను దిద్దుకోవడం. ఈ ఆలోచన మన ఒక్కరిదే కూడా కాదు. నిద్రలో ఉన్నవాడి మీద, మతి తప్పినవాడి మీద, ఈడు రాని పిల్లల మీద కర్మలు రాసే కలం ఎత్తివేసి ఉంటుందని ముస్లిముల హదీసు చెబుతుంది. కేథలిక్ చర్చి చట్టం వివేకం వచ్చే వయసుగా ఏడేళ్లను లెక్కగట్టింది. మన దేశపు శిక్షాస్మృతి కూడా ఏడేళ్లలోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదంటుంది. హద్దు ఎక్కడ గీయాలన్న దగ్గర తేడాలున్నాయి, హద్దు ఉండాలన్న దగ్గర లేవు. పిల్లలకు, ఈడొస్తున్నవాళ్లకు, వాళ్ల కుటుంబాలకు కౌన్సెలింగ్ ఎందుకు కావాలన్న ప్రశ్నకు నాకు కనిపించే ఆధారం ఇక్కడే ఉంది. పిల్లవాడు చెప్పింది విని వెంటనే మార్కులు వేయని, పాపపుణ్యాలు తేల్చని, ఖర్చు గుర్తుచేయని చోటు ఒకటి ఉండాలి. ఇళ్లలోను, బడుల్లోను అలాంటి చోటు కరువైంది కాబట్టి దాన్ని విడిగా ఏర్పాటు చేయవలసి వస్తోంది. అది పరాయి దేశపు పద్ధతి అనేవాళ్లు మాండవ్యుడికి జవాబు చెప్పాలి.

అవసరం ఎంతో చెప్పడానికి ఊహలు అక్కర్లేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పుల తడకగా వచ్చినప్పుడు, కొద్దిరోజుల్లోనే ఇరవైమందికి పైగా పిల్లలు పోయారు. 2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలు వచ్చిన రెండు రోజుల్లో తొమ్మిదిమంది చనిపోయారని పత్రికలు రాశాయి. అదే ఏడాది జులైలో విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చి హాస్టల్లో ఉంటున్న పదిహేడేళ్ల అమ్మాయి మరణించింది. ఆమె తండ్రి పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జులై 25న కోర్టు ఆ కేసును సీబీఐకి అప్పగిస్తూ, దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోను శిక్షణ పొందిన కౌన్సెలరో, మనస్తత్వ నిపుణులో, సామాజిక కార్యకర్తో కనీసం ఒకరు ఉండాలన్నది వాటిలో ఒకటి. ప్రాణం మీదికి వచ్చేదాకా పోనివాళ్ల సంగతి వేరే ఉంది. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పదమూడు నుంచి పదిహేడేళ్ల వయసువాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య కనిపించింది. నలభైమంది కూర్చున్న తరగతి గదిలో ముగ్గురన్నమాట. పెద్దయ్యాక బయటపడే మానసిక రుగ్మతల్లో సగం పద్నాలుగేళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతూ వచ్చింది. మాండవ్యుడు హద్దు గీసిన వయసు, వైద్యులు వేలు పెట్టి చూపించిన వయసు ఒకటే కావడం కాకతాళీయమే అయినా మనసుకు తగులుతుంది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా మన నోట ముందుగా వచ్చే మాట ఖర్మ. 'వాడి రాత అలా ఉంది', 'ఆ తల్లి ఏ జన్మలో ఏం చేసుకుందో'. ఓదార్పుగానే అంటారు గాని, ఆ మాట పడ్డాక ఇక అడగడానికి ఏమీ మిగలదు. ఇక్కడ శాస్త్రం తెలిసినవారు ఒక ఆక్షేపణ లేవదీయవచ్చు. మాండవ్యుడి మినహాయింపు ఈ జన్మలో బాల్యంలో చేసిన పనులకే, పూర్వజన్మ ప్రారబ్ధానికి కాదు కదా, పసిబిడ్డకు వచ్చిన బాధ కూడా ప్రారబ్ధమే కదా అని. తర్కానికి అది సరైన మాటే. కాని ప్రారబ్ధం అన్న భావన ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి దాని పని మారిపోతుంది. బాధపడుతున్నవాడు 'ఇది నా ప్రారబ్ధం' అనుకుంటే ఓర్పు రావచ్చు. పక్కనున్నవాడు 'అది నీ ప్రారబ్ధం' అంటే వాడికి తప్పుకోవడానికి దారి దొరుకుతుంది, అంతే. పక్కింట్లో జ్వరంతో ఉన్నవాణ్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లకుండా ప్రారబ్ధమని కూర్చునేవాడు మన ఊళ్లలో కూడా కనబడడు. మనసు జ్వరానికే ఆ సిద్ధాంతం గుర్తొస్తుంది. పైగా పురుషప్రయత్నాన్ని దైవంకంటే ముందు నిలబెట్టిన గ్రంథాలు మనకే ఉన్నాయి. వాటిలో పెద్దది యోగవాసిష్ఠం. దాని దగ్గరికే వస్తాను.

ఈలోగా మాండవ్యుడి కథలో ఉన్న మరక గురించి చెప్పకపోతే అన్యాయం. యముడికి పడ్డ శాపం శూద్ర స్త్రీ కడుపున పుట్టమని. బాల్యానికి క్షమ ఇచ్చిన కథే, ఒక కులంలో పుట్టడాన్ని శిక్షగా లెక్కవేసింది. ఏ సర్కారు బడి మెట్టు మీదో కూర్చుని ఈ కథ వినే పిల్లవాడికి ఆ శిక్ష తన పుట్టుకేనని తోస్తే, వాడి మనసుకు పెద్ద గాయం దానితోనే అవుతుంది. హాస్టళ్లలో కులం పేరుతో ఎదురయ్యే చిన్నచూపు కౌన్సెలింగ్ గదిలోకి రావలసిన విషయమే. దాన్ని ఆత్మన్యూనత అని పేరు పెట్టి పిల్లవాడి మీదికే తోసేయడం యముడి లెక్కకు మరో రూపం. ఆ కథలో మనం తీసుకోవలసింది మాండవ్యుడి ప్రశ్నను. ఆయన కోపం తీసుకున్న రూపాన్ని కాదు.

ఖర్మ తరవాత రెండో మాట ఋణం. ఇది పైకి వినిపించదు గాని ఇంట్లో గోడలకు పట్టేసి ఉంటుంది. 'నీ కోసమే కదరా ఇదంతా', 'ఎంత పోశామో తెలుసా', 'అర ఎకరం అమ్మి చేర్పించాం'. డెల్టాలో భూమి ఉన్న ఇంట్లో ఒకలాగ, కౌలు చేసే ఇంట్లో ఇంకోలాగ ఈ మాట నడుస్తుంది. నరసాపురం, పాలకొల్లు వైపు ఎంతోమంది తల్లులు కువైట్ వెళ్లి పరాయి ఇళ్లలో పనిచేసి పంపే డబ్బుతో పిల్లలు చదువుతున్నారు. అమ్మమ్మ దగ్గర పెరిగే ఆ పిల్లకు ప్రతి నోట్‌బుక్కూ అమ్మ చెమటే. అది నిజం. నిజం కాబట్టే దాన్ని మోయడం కష్టం. దీనికి మతం పేరుతో ఇచ్చే మద్దతు పితృఋణం. కాని శాస్త్రం ఆ ఋణాన్ని ఎటువైపు నుంచి చెప్పిందో చూడాలి. పుట్టినవాడికి మూడు ఋణాలున్నాయని, ఋషులకు చదువుతో, దేవతలకు యజ్ఞంతో, పితృదేవతలకు సంతానంతో తీర్చాలని తైత్తిరీయ సంహిత చెబుతుంది. అంటే బిడ్డ పుట్టడంతో తండ్రి తన అప్పు తీర్చుకుంటున్నాడు. బిడ్డ ఆ అప్పుకు చెల్లింపు, బిడ్డ మీద కొత్త పత్రం రాయించుకోవడం కాదు. ఆదిపర్వంలోనే జరత్కారుడి కథ ఉంది. ఆయన పితరులు గోతిలో గడ్డిదుబ్బు పట్టుకుని తలకిందులుగా వేలాడుతుంటారు, ఎలుక ఆ వేళ్లను కొరుకుతుంటుంది. వంశం నిలబెట్టమని వాళ్లు వేడుకుంటారు. తరాల ఆశంతా రాబోయే ఒక్క బిడ్డకు వేలాడటం ఎంత బరువో ఆ కథ కట్టిన వాళ్లకు తెలుసు. తల్లిదండ్రుల్ని చూసుకోవాలన్న ధర్మాన్ని ఇక్కడ ఎవరూ కాదనడం లేదు. 'మాతృదేవో భవ' అన్నది చదువు పూర్తిచేసుకుని వెళ్లే స్నాతకుడికి గురువు చెప్పిన మాట, పదిహేనేళ్లకు బైపీసీలో చేరిన పిల్లకు ఫీజు రసీదుతోపాటు ఇచ్చింది కాదు.

ఇప్పుడు యోగవాసిష్ఠం. మడికి సింగన దీన్ని వాసిష్ఠ రామాయణంగా తెలుగు చేశాడు. వేదాంతం అనగానే ముసలివాళ్ల కాలక్షేపమనుకుంటాం గాని, ఆ గ్రంథం మొదలయ్యేది ఒక కుర్రవాడి దిగులుతో. రాముడికి ఇంకా పదహారేళ్లు నిండలేదు. తీర్థయాత్ర నుంచి తిరిగొచ్చాక చిక్కిపోతాడు, తిండి మీద ధ్యాస ఉండదు, ఒంటరిగా కూర్చుంటాడు, ఎవరు పలకరించినా ముభావంగా ఉంటాడు. దశరథుడు ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏం బాధరా అని అడుగుతాడు. ఏమీ లేదు నాన్నా అని రాముడు మౌనంగా ఉండిపోతాడు. ఈడొచ్చిన పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఈ రెండు మాటలూ ఇవాళ సాయంత్రం కూడా నడుస్తాయి. తండ్రి ప్రేమలో లోటేమీ లేదు. అయినా కొడుకు చెప్పలేదు. తనను ప్రాణంగా చూసుకునే మనిషికి తన దిగులు చెబితే ఆ మనిషి కూలిపోతాడన్న భయం ప్రేమ ఉన్నచోటే ఎక్కువ. విశ్వామిత్రుడు వచ్చి, కబురు పంపి పిలిపించాక రాముడు మాట్లాడటం మొదలుపెడతాడు. డబ్బు మీద, ఆయుష్షు మీద, బాల్యం మీద, యౌవనం మీద తనకున్న విరక్తినంతా ఒక ప్రకరణం నిండా చెబుతాడు. తండ్రి, మంత్రులు, మునులు అందరూ అక్కడే ఉన్నారు. ఒక్కరూ మధ్యలో అడ్డుపడలేదు, నీకేం తక్కువైందని అనలేదు. రాజకుమారుడికి దిగులేమిటని నవ్వలేదు. వసిష్ఠుడు జవాబు మొదలుపెట్టింది ఆ పిల్లవాడు ఆగాకే. వినడానికి అంత చోటు ఇచ్చిన గ్రంథం మన సంప్రదాయంలో ఉండగా, పిల్లల మాట వినడం పడమటి దేశాల నుంచి దిగుమతి అయిన అలవాటని ఎలా అనగలం?

అయితే ఈ కథను పట్టుకుని ఎగిరేవాళ్లకు ఒక హెచ్చరిక అవసరం. రాముడిది జబ్బు కాదని, వివేకం వల్ల పుట్టిన వైరాగ్యమని విశ్వామిత్రుడు పోల్చుకున్నాడు. అన్నం మానేసి గది తలుపేసుకున్న ప్రతి పిల్లవాడిదీ వైరాగ్యం కాదు. అది కుంగుబాటు కావచ్చు, ఎవరో భయపెడుతుండవచ్చు, ఒంటి మీద చెయ్యి వేసి ఉండవచ్చు, మందు వాడవలసిన రుగ్మతకు మొదలు కావచ్చు. తేడా పోల్చగలగడమే విశ్వామిత్రుడి గొప్ప. అది చదువుతోను, శిక్షణతోను వచ్చే నేర్పు. సత్సంగం నడిపే పెద్దమనిషికి, ఆదివారం ప్రార్థన చేయించే పాస్టరుగారికి, మదరసా మౌల్వీగారికి మనసు మంచిదే ఉండవచ్చు గాని ఆ నేర్పు దానంతటదే రాదు. వాళ్లు చేయగలిగిన పెద్ద సాయం ఒకటుంది. తమ మీద నమ్మకంతో వచ్చిన కుటుంబాన్ని, ప్రార్థన మానమనకుండానే, నిపుణుల దగ్గరికి పంపడం. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక సహాయవాణి టెలీమానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడే మనిషి దొరుకుతారు. పిల్లలకైతే 1098 ఉంది. ఆ రెండు నంబర్లు గుడి గోడ మీద, చర్చి గేటు దగ్గర, మసీదు వరండాలో రాసి ఉంచడానికి ఏ శాస్త్రమూ అడ్డురాదు.

మనకు భగవద్గీత ఉండగా కౌన్సెలింగ్ ఎందుకన్నది ఉపన్యాసాల్లో తరచూ వినిపించే మాట. కృష్ణుడే మొదటి కౌన్సెలర్ అని కూడా అంటారు. గీత మీద గౌరవంతోనే ఈ పోలికను జాగ్రత్తగా చూడాలి. అర్జునుడు చదువు ముగించి, యుద్ధాలు చేసి, బిడ్డల్ని కన్నవాడు. అతడి మనసు విరిగింది తన చేతిలో ఉన్న నిర్ణయం దగ్గర. ఇంటర్ పిల్లకు తన చేతిలో ఉన్న నిర్ణయాలెన్ని? గ్రూపు ఇంట్లో ఖాయమైంది, కాలేజీ మేనమామ చూశాడు, సెక్షన్ ర్యాంకును బట్టి పడింది. కాబట్టి 'లే, పోరాడు' అన్న మాట ఆమెకు వినిపించేది వేరుగా ఉంటుంది. ఇంకోటి గమనించండి. కృష్ణుడు మొదట అన్నది మందలింపే, ఈ పిరికితనం నీకు తగదని. అది పనిచేయలేదు. అర్జునుడు మళ్లీ తన బాధంతా చెప్పుకుని, యుద్ధం చేయనని నోరు మూసుకుని కూర్చున్నాడు. ఆ తర్వాతే కృష్ణుడు పద్ధతి మార్చి అసలు బోధ మొదలుపెట్టాడు. చివర్లో కూడా, అంతా చెప్పాను, బాగా ఆలోచించుకుని నీకెలా తోస్తే అలా చెయ్యి అన్నాడు. గీతను పిల్లలకు చెప్పేవాళ్లలో చాలామంది మందలింపు దగ్గర మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు, ఆ చివరి మాట దాకా రారు. కాలేజీ యాజమాన్యం జీతం ఇచ్చి పెట్టుకున్న మనిషి పిల్లవాణ్ని మళ్లీ స్టడీ అవర్‌లో కూర్చోబెట్టడమే తన పని అనుకుంటే, అతడు ఎవరి రథానికి సారథి అన్నది అడగవలసిన ప్రశ్న.

అమ్మమ్మలు, తాతయ్యలు ఉండగా ఇదంతా అవసరమా అన్నది ఇంతకంటే బరువైన ఆక్షేపణ. దీన్ని తేలిగ్గా కొట్టేయకూడదు. పెద్ద కుటుంబంలో పిల్లవాడికి నలుగురు పెద్దలుండేవారు. ఒకరు కొడితే ఒకరు దగ్గరికి తీసేవారు. తండ్రికి చెప్పలేనిది బాబాయికో, అత్తకో చెప్పుకునేవాడు. ఆ ఏర్పాటును చూసి ఇవాళ్టి మనస్తత్వ శాస్త్రం కూడా నేర్చుకోవలసింది ఉంది. కాని ఆ అత్తకు చెబితే సాయంత్రానికి వీధంతా తెలిసేది. ఇంట్లోవాళ్లే బాధపెడుతున్నప్పుడు ఆ పెద్ద కుటుంబమే పెద్ద గోడ అయ్యేది. పాత కాలం పిల్లలు నిబ్బరంగా ఉన్నారని మనం అనుకుంటున్నదాంట్లో వాళ్లు చెప్పకుండా మింగినది ఎంతో లెక్క తీసినవాళ్లు లేరు. అది అలా ఉంచి, ఆ ఇల్లే ఇప్పుడు పిల్లల దగ్గర లేదు. పది పాసవగానే తణుకు చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు విజయవాడకో, హైదరాబాదుకో రెసిడెన్షియల్ కాలేజీకి వెళ్తున్నారు. తెల్లవారకముందే లేవడం, రాత్రి దాకా స్టడీ అవర్లు, వార్డెన్ ఎదురుగా నిలబడి ఇంటికి ఫోను, నెలకో రెండు నెలలకో ఔటింగ్. 'అమ్మా, ఇక్కడ ఉండలేను' అన్న పిల్లకు, కొత్తలో అందరికీ అలాగే ఉంటుందన్న జవాబు దొరుకుతుంది. చాలామంది విషయంలో ఆ జవాబు నిజమే. ఆ మిగిలినవాళ్లు ఎవరో అమ్మమ్మ ఫోనులో కనిపెట్టలేదు.

కౌన్సెలింగ్ పేరుతో పిల్లల్ని తల్లిదండ్రుల మీదికి ఎగదోస్తారన్న భయం మరొకటి. ఈ భయంలో కొంత న్యాయం ఉంది. కుటుంబాన్ని ముద్దాయిని చేసి, పిల్లవాణ్ని ఒంటరిగా విముక్తుణ్ని చేయాలనుకునే పుస్తకాలు లేకపోలేదు. మన సంప్రదాయం దీనికి చెప్పిన సమాధానం కఠోపనిషత్తులో ఉంది. తండ్రి యజ్ఞంలో వట్టిపోయిన ఆవుల్ని దానం చేస్తుంటే నచికేతుడికి బాధ కలిగింది. మరి నన్నెవరికిస్తావని ముమ్మారు అడిగాడు. విసుగెత్తిన తండ్రి, మృత్యువుకిస్తానన్నాడు. కోపంలో అన్న మాటే. ఇలాంటి మాట ప్రోగ్రెస్ కార్డు చేతిలో పట్టుకుని మన ఇళ్లలోనూ వస్తుంది. పిల్లవాడు దాన్ని నిజంగా తీసుకుని యముడి వాకిట మూడు రాత్రులు అన్నం లేకుండా కూర్చున్నాడు. యముడు తిరిగొచ్చి, నిన్ను ఆకలితో ఉంచాను, మూడు వరాలడుగు అన్నాడు. మాండవ్యుడికి తూనీగల లెక్క చెప్పిన ఆ యముడే ఇక్కడ ఒక పిల్లవాడి ముందు తగ్గాడు! బ్రహ్మవిద్యను నచికేతుడు మూడో వరానికి దాచుకుని, మొదటి వరంగా అడిగింది తండ్రి కోపం తగ్గాలని, తాను తిరిగివెళ్తే గుర్తుపట్టి పలకరించాలని. ఇల్లు వదిలివచ్చిన బిడ్డకు మొదట కావలసింది ఆ ఇంట్లోకి మళ్లీ దారి. కుటుంబంతో కలిపి కూర్చోబెట్టి మాట్లాడించడం కౌన్సెలింగ్‌లో ఎందుకు భాగమో చెప్పడానికి ఇంతకంటే మంచి ఆధారం నాకు దొరకలేదు. బౌద్ధంలోనూ ఇలాంటిదే ఉంది. బుద్ధుడి కొడుకు రాహులుణ్ని ఇంట్లో అడక్కుండా సంఘంలో చేర్చుకున్నప్పుడు, బిడ్డ దూరమైన దుఃఖం మూలుగ దాకా కోస్తుందని తాత శుద్ధోదనుడు మొరపెట్టుకున్నాడు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లలకు దీక్ష ఇవ్వకూడదని బుద్ధుడు నియమం పెట్టాడు. ఏలూరు జిల్లా గుంటుపల్లి గుహల్లో ఒకప్పుడు బతికిన భిక్షువులకూ ఆ నియమం వర్తించే ఉంటుంది. పిల్లవాడి గొంతు వినాలంటే తల్లిదండ్రుల గొంతు నొక్కనక్కర్లేదు.

పరువు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది వాదన కాదు, భయం. మనసు డాక్టరు దగ్గరికి వెళ్లారని తెలిస్తే పిచ్చి అంటారు, రేపు సంబంధాలు రావు అన్న భయం. దాన్ని కొట్టిపారేయలేం, సంబంధాలు నిజంగానే తప్పిపోతాయి. అందుకే చెప్పింది బయటికి పొక్కదన్న హామీ ఈ పనికి పునాది. ఆ హామీకీ హద్దులున్నాయి. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే ఇంట్లో చెప్పాలి. ఈ రెండూ పిల్లవాడికి మొదటి రోజే చెప్పడం నిజాయితీ. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లను నేరస్థులుగా కాక, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్లుగా చూడాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన ఆ పాత సెక్షనే లేదు. చట్టం కూడా నెమ్మదిగా తన లెక్కల పుస్తకం మూసింది. పెళ్లి పెద్దలకు ఇంకొంచెం టైము పట్టేలా ఉంది.

చివరి ఆక్షేపణ, అన్నిటికంటే పదునైనది, వామపక్షం వైపు నుంచి వస్తుంది. తప్పు చదువుల వ్యాపారంలో ఉంటే పిల్లవాడి మనసుకు చికిత్స ఏమిటి, ఊపిరాడని గదిలో కూర్చోబెట్టి శ్వాస మీద ధ్యాస నేర్పడం మోసం కాదా అని. ఒప్పుకోవలసిన మాట. ఇక్కడ మళ్లీ మాండవ్యుడే దారి చూపిస్తాడు. ఆయన యముడి దగ్గరికి వెళ్లింది ఓదార్పు కోసం కాదు, నా మనసు కుదుటపడేలా నాలుగు మాటలు చెప్పమనీ కాదు. నియమం మార్చడానికి. సుప్రీంకోర్టు కౌన్సెలర్లను పెట్టమని ఊరుకోకుండా, మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచీలుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం, శక్తికి మించిన టార్గెట్లు పెట్టడం మానాలని కూడా అదే ఉత్తర్వులో చెప్పింది. ఈ రెండూ విడిపోతే రెండూ చెడతాయి. కౌన్సెలర్ ఒక్కో పిల్లవాడి దగ్గర వింటున్నది కలిపి చూస్తే, ఏ నియమం పిల్లల్ని కోస్తోందో తెలిసిపోతుంది. పేర్లు బయటపెట్టకుండానే దాన్ని యాజమాన్యం ముందు పెట్టే హక్కు ఆ మనిషికి ఉండాలి. ఈ పిల్లను సెక్షన్ మార్చండి, ఈ అబ్బాయిని పది రోజులు ఇంటికి పంపండి, గోడ మీద ర్యాంకుల జాబితా తీసేయండి అని రాస్తే ప్రిన్సిపాల్ అమలు చేయవలసిందే అన్నట్టు ఉండాలి. అది లేకుండా కౌన్సెలర్ ఒకరున్నారని తనిఖీకి చూపించడానికి ఒక గది, ఒక బోర్డు పెట్టడం మన దగ్గర కష్టమేమీ కాదు. జూన్‌లో పిల్లల్ని చేర్పించే రోజున తల్లిదండ్రులు ఎన్నో అడుగుతారు. ఫీజు ఎన్ని వాయిదాల్లో కట్టొచ్చు, ఏసీ ఉందా, పోయిన ఏడాది ఎన్ని సీట్లొచ్చాయి. ఆ నోటితోనే మీ కౌన్సెలర్ ఎవరు, ఏం చదివారు, ఆమె మాట ఇక్కడ ఎవరు వింటారు అని కూడా అడగొచ్చు.